ఆపరేషన్‌కు ముందటి ముచ్చట

జగిత్యాలల ఒక ప్రైవేటు దవాఖాన ఉన్నది. అండ్ల మెట్ల కింద చిన్న అర్ర. ఒకప్పుడు ఖాళీ ఆక్సిజన్ సిలిండర్లు పెట్టేటోళ్ళు. ఇప్పుడు రెండు కుర్చీలు, ఒక బెంచీ, గోడకు ఒక ఫ్యాను. ఆపరేషన్ పడ్డ మనిషి ఎవరైనా సరే, తారీఖు ఇంకో వారం ఉందనంగనే ఆ అర్రల కూసోని నవత సిస్టర్‌తోటి మాట్లాడి పోవాలె. మాట్లాడకపోతే మత్తు డాక్టర్ మహేశ్ సూది పట్టడు. ఈ పద్ధతి ఎవరో పైనుంచి పంపింది కాదు. నవత పట్టుబట్టి, మాటలు పడి, కొన్ని దినాలు ఏడ్చి తెచ్చిన పద్ధతి.

నవతది సిరిసిల్ల. తండ్రి ఎల్లేశం సాంచలు, అంటే మరమగ్గాలు, నడిపేటోడు. తల్లి శంకరవ్వ ఇంట్ల కండెలు చుట్టేది. సాంచల చప్పుడుకు షెడ్డుల మాట వినపడదు. అక్కడ పెరిగిన పిల్లలు మనిషి మొఖం చూసి, పెదవులు చూసి మాట పట్టుకుంటరు. నవతకు ఆ అలవాటు పోలేదు. ఎవరితోటి మాట్లాడినా మొఖంలకే చూస్తది, నిమ్మళంగ మాట్లాడుతది. తలకాయ ఊపినోడికి సంగతి తెలిసిందా, ఊరికే ఊపిండా, ఆమె ఇట్టే పసిగడుతది. కరీంనగర్‌ల నర్సింగ్ చదివి, కోరుట్లల సంపత్‌ను చేసుకున్నది. సంపత్‌కు బస్టాండు దగ్గర ఫ్లెక్సీలు కొట్టే దుకాణం. ఆమె పొద్దున్నే బస్సెక్కి జగిత్యాల పోతది, డ్యూటీ దిగి మళ్ళ బస్సెక్కి కోరుట్ల వస్తది.

ఆ దవాఖానల ఆపరేషన్లు చేసేది డాక్టర్ లత. మంచి చెయ్యి అని చుట్టుముట్టు ఊర్లకు పేరు. మత్తు ఇచ్చే డాక్టర్ మహేశ్‌కు మాత్రం ఒక్క దవాఖాన అంటూ లేదు. పొద్దుగాల మెట్‌పల్లి, అటెన్క కోరుట్ల, మధ్యాహ్నానికి జగిత్యాల. కారుల తిరుగుడే తిరుగుడు. అందుకే ఆయన పేషెంటును మొదటిసారి చూసేదే ఆపరేషన్ బల్ల మీద. ముందు రోజు వార్డుల నర్సు వచ్చి అందరికీ ఒక్కటే మాట చెప్పేది: "రాత్రి తర్వాత ఏం తినొద్దు." అందరు తలకాయ ఊపేది. అంతటితోటి తయారీ అయిపోయినట్టే.

మొగిలవ్వ ఆ దినాలల్ల వచ్చింది. రాయికల్ దగ్గరి ఊరు, బీడీలు చేసే మనిషి. పిత్తాశయంల రాళ్ళున్నయి. కొడుకు సతీశ్ తీసుకొచ్చిండు. పొద్దుగాల థియేటర్‌కు పంపేముందు నవతనే అడిగింది.

"అవ్వా, ఏమన్న తిన్నవా?"

"తినలే బిడ్డా."

మత్తు ఎక్కుతుండంగనే మొగిలవ్వకు వాంతి అయ్యింది. కడుపులది గొంతులకొచ్చి ఊపిరితిత్తులల్లకు పోయింది. మొఖం నీలం తిరిగింది. మహేశ్ బల్లను తల దిక్కు వంచిండు, గొంతుల నుంచి గుంజిండు, పైపు వేసిండు. ఆయన చేతులు ఆగలేదు. ప్రాణం నిలబడ్డది కని ఆపరేషన్ ఆగిపోయింది. అంబులెన్సుల కరీంనగర్ పెద్ద దవాఖానకు పంపిన్రు.

నవత వార్డులకు వచ్చి చూస్తే మొగిలవ్వ మంచం కింద స్టీలు డబ్బ ఉన్నది. మూత తీసింది. అడుగున అంబలి.

"గిది ఎవరు తెచ్చిన్రు?" అని అడిగింది.

"నేనే," అన్నడు సతీశ్. ఆయన కండ్లు ఎర్రగున్నయి. "తినొద్దన్నరని అన్నం పెట్టలే సిస్టర్. అంబలే తాగిపిచ్చిన. ఉత్త కడుపు మీద కోయిచ్చుకుంటే తట్టుకుంటదా అని."

దవాఖానల అందరు ఒక్క తీరుగనే మాట్లాడిన్రు. మనం చెప్పినం, వాళ్ళు వినలేదు, తప్పు మనది కాదు. ఇన్‌చార్జ్ సిస్టర్ రమ గూడ నవత భుజం మీద చెయ్యేసి అదే మాట అన్నది. మాట నిజమే. అయినా నవతకు మనసు ఒప్పలేదు. మొగిలవ్వ అబద్ధం చెప్పే మనిషి కాదని ఆమెకు తెలుసు. ఆ మొఖం చూసింది గదా.

మొగిలవ్వ బతికి ఇంటికొచ్చిందని తెలిసినంక, నవత సెలవు దినం చూసుకోని రాయికల్ బస్సెక్కింది. మొగిలవ్వ వాకిట్ల నులక మంచంల కూసోని ఉన్నది. చాట పక్కకు పెట్టి ఉంది, చేతులల్ల బలం లేదు. నవతను చూసి కోపం చెయ్యలేదు. కోడలితోటి చాయ్ పెట్టిపిచ్చింది.

"అవ్వా, నేను అడిగినప్పుడు తినలే అని ఎందుకన్నవ్?"

"తినలే గదా బిడ్డా. తాగిన."

"మరి తాగిన అని చెప్పకపోతివి?"

"తాగినవా అని నువ్వు అడగలే గదా."

మొగిలవ్వనే మళ్ళ అందుకున్నది. "ఊరికి పోవాలన్నా, పొలం కాడికి పోవాలన్నా, కడుపుల ఇంత అంబలి పోసుకోకుండ గడప దాటను. తిండి వద్దన్నరు, అన్నం ముట్టలే. ఎందుకు వద్దో ఒక్కలన్న చెప్పిన్రా? చెప్తే నీళ్ళు గూడ ముట్టకపోదును."

వాపస్ బస్సుల నవత కిటికీ పక్కన కూసోని అదే మాట తిప్పి తిప్పి అనుకున్నది. ఎందుకు వద్దో ఒక్కలన్న చెప్పిన్రా. తెల్లారి మహేశ్ సార్ ఆపరేషన్ అయినంక చాయ్ తాగుతుంటే పోయి ముంగట నిలబడ్డది.

"సార్, పేషెంట్లను ముందుగాలనే చూడాలె."

"నాకు తెల్వదా నవతా? పుస్తకాలల్ల గూడ గదే రాసి ఉంటది." ఆయన చాయ్ కప్పు పక్కకు పెట్టిండు. మొగిలవ్వ సంగతి అయినప్పటిసంది ఆయనకు గూడ నిద్ర లేదని మొఖమే చెప్పుతున్నది. "కని టైం ఏది? ఒక ఊర్ల కడుక్కున్న చేతులు ఇంకో ఊర్ల తుడుసుకుంటున్న."

"మీరు రావద్దు సార్. ఏం అడగాల్నో, ఏం చూడాల్నో నాకు నేర్పున్రి. నేను కూసోని మాట్లాడుత. అనుమానం కొడితే మీకు ఫోన్ చేస్త."

మహేశ్ చాయ్ కప్పు మళ్ళ చేతులకు తీసుకున్నడు. "రేపటిసంది ఓ అరగంట ముందు వస్త," అన్నడు.

అన్నట్టే వచ్చిండు. గుండె మందులల్ల ఏది ఆపాలె, ఏది ఆపొద్దు; షుగర్ ఉన్నోళ్ళతోటి ఏం చెప్పాలె; కదిలే పన్ను ఉంటే ఎందుకు చూడాలె; నోరు ఎంత తెరుస్తరో ఎట్ల కొలవాలె. ఒక్కొక్కటి విడమర్చి చెప్పిండు. ఆమె అడిగిందే మళ్ళ అడిగితే విసుక్కోలేదు. డాక్టర్ లత మెట్ల కింది అర్ర ఖాళీ చేపిచ్చింది. అట్ల షురువయ్యింది.

మొదట్ల నవ్విన్రు. "నవత ఆపరేషన్ బడి పెట్టింది, పోన్రి, పలకా బలపం పట్టుకోన్రి," అని వార్డుల ముచ్చట్లు. పేషెంట్ల తోటి వచ్చినోళ్ళు ఇంకా గరం అయ్యేది. "ఆపరేషన్ చేపిచ్చుకోను వస్తే ముచ్చట్లు పెడుతున్నరేంది? మాకు బస్సు పోతది." నవత ఒక్కోసారి ఆ అర్రలనే తలుపు దగ్గరికేసుకోని కండ్లు తుడుసుకునేది. మళ్ళ తలుపు తీసి ఇంకొకల్లను పిలిచేది.

ఆమె చేసిన పెద్ద మార్పు ఒక్కటే. తిన్నవా, తాగినవా అని అడుగుడు మానేసింది. "పొద్దుగాల లేసినప్పటిసంది ఏమేం చేస్తవో వరసగ చెప్పు" అనేది. అట్ల అడిగితే మనిషి తన దినమంత ముంగట పరుస్తడు. లేవంగనే చాయ్, చాయ్ మీద బీడీ, దవడకు తంబాకు, మోకాళ్ళ నొప్పికి ఎవరో ఇచ్చిన గోళీ, ఊర్ల వైద్యుడు పోసిన పసరు. తిండి కాదని వాళ్ళు అనుకునేటియి, మందు కాదని అనుకునేటియి అన్ని అందులకెల్లి బయటపడేది.

అట్లనే ఎందుకు వద్దో గూడ చెప్పేది. "మన గొంతుల ఒక కావలోడు ఉంటడు. నువ్వు తిన్నది కడుపులకు, ఊపిరి ఊపిరితిత్తులకు పంపుతడు. మత్తు ఇస్తే నీతోపాటు వాడు గూడ పండుకుంటడు. గప్పుడు కడుపుల ఏమున్నా పైకొచ్చి ఊపిరిల పడుతది." ఇది విన్నంక ముసలోళ్ళు గూడ నోరు మీద చెయ్యి పెట్టుకునేది.

భూమయ్య అని ఒకాయన వచ్చిండు. కాలు ఆపరేషన్. తాగుడు లేదని బిడ్డల ముంగట గట్టిగ చెప్పిండు. నవత ఆయన మొఖం చూసి బిడ్డలను బయటికి పంపింది.

"పెద్దయ్యా, మీ ఊర్ల కల్లు మంచిగుంటదట గదా?"

భూమయ్య మొఖం విచ్చుకున్నది. ఏ దుకాణంల ఎట్లుంటదో, చలికాలం ఎట్లుంటదో, తాను ఎన్నేండ్ల సంది రెండు పూటల పోతున్నడో అన్ని చెప్పిండు. తాగుడు అంటే ఆయన లెక్కల బ్రాందీ. కల్లు తాగుడు కిందికి రాదు. నవత మహేశ్‌కు ఫోన్ చేసింది. మత్తు మందు కలిపిన కల్లుకు అలవాటు పడ్డ మనిషికి ఒక్కసారిగ బంద్ అయితే ఆపరేషన్ అయిన రెండు దినాలకు చేతులు వణుకుతయి, లేనియి కనపడుతయి, సెలైన్ పీకేసుకోని మంచం దిగుతడు. ఇంతకుముందు అసొంటోళ్ళను మంచానికి కట్టేసి, పిచ్చి లేసిందని అనుకునేది. భూమయ్యకు ఆపరేషన్ వెనకకు జరిపి, ఫిజీషియన్‌కు చూపిచ్చి, మందులతోటి మెల్లగ కల్లు మాన్పిచ్చిన్రు. ఆపరేషన్ అయినంక ఆయన నిమ్మళంగ పండుకోని, చపాతీ మెత్తగ లేదని వార్డుల పనిచేసే పిల్లలతోటి పంచాయితి పెట్టిండు. రమ సిస్టర్ అది చూసి, ఆ సాయంత్రం తన సొంత పిన్నికి గాల్ బ్లాడర్ ఆపరేషన్ ఉందని, ముందుగాల మాట్లాడిపోతదని నవతకు చెప్పింది. బడి ముచ్చట అప్పటికెల్లి ఎవ్వరు తీయలేదు.

ఇంకో పంచాయితి నీళ్ళ కాడ వచ్చింది. రాత్రికెల్లి ఉపాసం ఉన్నోళ్ళ వంతు ఒక్కోసారి మధ్యాహ్నం దాటినంక వచ్చేది. ముసలోళ్ళు నాలుక ఎండి, కండ్లు తిరిగి సోలిపోయేది. వంతు ఆలస్యం ఉన్నోళ్ళకు పొద్దుగాల ఉత్త మంచినీళ్ళు ఇయ్యచ్చని మహేశ్ అన్నడు. లత ఒప్పుకోలేదు. మొగిలవ్వ మొఖం ఆమె మరిచిపోలేదు, ఆ భయం ఆమె తప్పు గూడ కాదు. నవత ఇద్దరి నడుమ నిలబడి ఒక మాట అన్నది. "మేడం, మంచినీళ్ళు నా చేతితోటే ఇస్త. ఎవ్వరికి ఎప్పటిదాక ఇయ్యాల్నో సార్ చెప్తడు. ఇంటోళ్ళ చేతికి గ్లాసు ఇయ్యను." లత ఆలోచించి సరే అన్నది. ముసలోళ్ళు ఆ గ్లాసెడు నీళ్ళను ప్రసాదం తీరుగ రెండు చేతులతోటి పట్టుకునేది.

మొగిలవ్వ గూడ మళ్ళొచ్చింది. రాళ్ళు ఇంకా అట్లనే ఉన్నయి గదా. కరీంనగర్‌లనే చేపిద్దామని సతీశ్ అంటే ఆమె వినలేదట. "తప్పు తెలిసినోళ్ళ కాడికే పోత," అన్నదట. ఈసారి ఆపరేషన్ మంచిగైంది.

అటెన్క పరీక్ష నవత సొంత ఇంటికే వచ్చింది. సిరిసిల్ల నుంచి శంకరవ్వ ఫోన్ చేసి, "మీ బాపు సాంచ కాడ గజ్జ పట్టుకోని కూలవడ్డడు," అన్నది. తీసుకొస్తే లత చూసింది. హెర్నియా. పేగు కిందికి దిగుతున్నది, చేతితోటి నొక్కితే లోపలికి పోతున్నది. ఆపరేషన్ చెయ్యాలె కని అంత తొందర లేదు. తారీఖు ఇచ్చిన్రు. ఎల్లేశం మెట్ల కింది అర్రలకు వచ్చి బెంచీ మీద కూసున్నడు. బిడ్డను తెల్ల డ్రెస్సుల అంత దగ్గర ఎప్పుడు చూడలేదేమో, కొత్తగ చూసిండు.

"బాపు, పొద్దుగాల లేసినప్పటిసంది ఏమేం చేస్తవో చెప్పు."

"నాతోటి గూడ గిదేనా?"

"నీతోటి గూడ గిదే."

ఎల్లేశం చెప్పిండు. ప్రతి పని పక్కన ఒక బీడీ ఉన్నది. సాంచలు ఆన్ చేసే ముందు ఒకటి, పోగు తెగితే అతికినంక ఒకటి, కరెంటు పోతే వచ్చేదాక ఎన్నో. దాని మీద షెడ్డుల నూలు దుమ్ము. మహేశ్ ఛాతి మీద పెట్టి విన్నడు, ఊదిపిచ్చి చూసిండు. "ఈ దగ్గుతోటి కుట్లు నిలబడయి. ఊపిరితిత్తులు జర తేరుకోవాలె. బీడీ బంద్ చేసి, కసరత్తు చేసి నెల దాటినంక రమ్మను," అన్నడు.

శంకరవ్వకు అది అవమానం తీరుగ అనిపిచ్చింది. "బయటోళ్ళకు అయితుంది ఆపరేషన్. సొంత బిడ్డ దవాఖానల ఉండి తండ్రిని తిప్పుతున్నవ్. నలుగురు ఏమంటరు?"

"నొప్పి ఎక్కువై, ఉబ్బు లోపలికి పోకుంటే అప్పటికప్పుడే చేస్తరమ్మా. అప్పటిదాక తయారు కావాలె," అన్నది నవత. తండ్రిని కోరుట్లల తన ఇంట్లనే ఉంచుకున్నది. బిడ్డ ఇంట్ల ఉండుడు ఎల్లేశంకు కుచ్చుకున్నట్టే ఉండేది. సాంచల చప్పుడు లేక నిద్ర పట్టేది కాదు. పొద్దుగాల సంపత్ తోటి కలిసి నడిచొచ్చేటోడు. ఊపిరి కసరత్తుకు ఒక ప్లాస్టిక్ డబ్బ ఇచ్చిన్రు; అండ్ల ఆడుకునే గోళీల తీరువి మూడు, దానికి పైపు ఉంటది, దాంట్ల ఊపిరి పీలిస్తే గోళీలు లేస్తయి. మొదట్ల ఒక్క గోళీ లేసి పడేది. తర్వాత రెండు లేసినయి. కుట్లు కదలకుండ దిండు కడుపుకు అదుముకోని దగ్గుడు గూడ నవత నేర్పింది. "గింత వయసుల దగ్గుడు గూడ నేర్చుకోవాల్నా," అని నవ్విండు.

తారీఖు దగ్గరికొచ్చింది. ఒక పొద్దు బాత్రూంల బీడీ వాసన. నవత కోపం చెయ్యలేదు. కూసోని అడిగింది, ఆయన తల వంచుకోని ఒప్పుకున్నడు. వారం సంది దొంగతనంగ తాగుతున్నడు. ఆమె అక్కడికక్కడే లతకు ఫోన్ చేసి, "మేడం, మా బాపు ఇంకా తయారు కాలేదు, తారీఖు జరుపున్రి," అన్నది.

ఎల్లేశం లేసిండు. సంచిల లుంగీ, తువ్వాల పెట్టుకోని చెప్పకుండ బయటికి పోయిండు. నవత పోయేసరికి కోరుట్ల బస్టాండుల సిరిసిల్ల దిక్కు పోయే బస్సు కోసం కూసోని ఉన్నడు. దగ్గు తెర వచ్చింది. గజ్జ మీద చెయ్యి అదుముకోని ముడుసుకపోయి దగ్గుతున్నడు. చుట్టుపక్కలోళ్ళు చూస్తున్నరు. ఆమె పోయి పక్కన కూసున్నది. దగ్గు ఆగినంక మాట అందుకున్నది.

"బాపు, నీ దగ్గు నేను చిన్నప్పటిసంది వింటున్న. షెడ్డుల అన్ని సాంచలు నడుస్తుంటే గూడ నువ్వు ఏ మూలకున్నవో దగ్గుతోటే తెలిసేది నాకు. బల్ల మీద ఊపిరి ఆడక మనిషి నీలం తిరుగుడు నేను చూసిన. గా బల్ల మీద నిన్ను ఊహించుకుంటే నాకు భయమైతున్నది. అందరికీ ధైర్యం చెప్తున్న కని నాకే లేదు."

ఎల్లేశం బిడ్డ దిక్కు చూసిండు. జేబులకెల్లి బీడీ కట్ట తీసి, ఎక్కడ పారెయ్యాల్నో తెల్వక ఆమె చేతుల పెట్టిండు. సిరిసిల్ల బస్సు వచ్చి పోయింది. ఇద్దరు నడుసుకుంట ఇంటికొచ్చిన్రు.

ఆపరేషన్ నాడు మహేశ్ నడుముల సూదిచ్చి కింది సగానికి మాత్రమే మత్తు ఇచ్చిండు. సొంత మనిషి కాబట్టి నవతను లోపలికి రావద్దన్నడు. తల్లి పక్కన బయట బెంచీ మీద కూసున్నది. ఇన్నేండ్లల్ల ఆ తలుపుకు ఇవతల కూసునుడు ఆమెకు అదే మొదలు. లోపల ఏం అయితుందో ఆమెకు అడుగడుగు తెలుసు. అయినా తలుపు తెరుసుకున్నప్పుడల్ల లేసి నిలబడ్డది. ఎవరో ట్రే పట్టుకోని పోతరు, ఎవరో వస్తరు, ఒక్కలు గూడ ఏం చెప్పరు. శంకరవ్వ కొంగు వేలికి చుట్టుకుంట, "మంచిగనే ఉన్నడా? అడగరాదు," అని మాటిమాటికి అంటున్నది. పక్క బెంచీ మీద ఎవరి మనుషులో గూడ అట్లనే తలుపు దిక్కు చూస్తున్నరు. ఎన్ని వందల మంది ఇట్ల కూసున్నరో, తాను వాళ్ళ ముంగటికెల్లి ఎన్నిసార్లు మాట్లాడకుండ పోయిందో నవతకు అప్పుడు మనసులకొచ్చింది.

ఎల్లేశం లోపల మత్తు డాక్టర్‌కు సాంచ ఎట్ల నడుస్తదో చెప్పుకుంటనే ఉన్నడట. కుట్లు నిలబడ్డయి. దగ్గు వచ్చినప్పుడల్ల దిండు అదుముకున్నడు. సిరిసిల్లకు పోయి కొన్నాళ్ళకు మళ్ళ షెడ్డుకు పోయిండు, ఈసారి మొఖానికి గుడ్డ కట్టుకోని. బీడీ పూర్తిగ మానిండా అంటే ఆయన మానిన అంటడు, శంకరవ్వ ఏం అనదు.

డ్యూటీలకు మళ్ళ వచ్చిన పొద్దే నవత లత దగ్గరికి పోయింది. ఆపరేషన్ నడుస్తున్నంతసేపు ఒకల్లు మధ్యల బయటికి వచ్చి ఇంటోళ్ళకు ఒక మాట చెప్పి పోవాలె అన్నది. మత్తు ఇచ్చినం, మంచిగుంది, మొదలైంది, కుట్లు వేస్తున్నరు. అంతే. లత ఈసారి ఆలోచించలేదు, ఆ దినంకెల్లే చెయ్యమన్నది.

మహేశ్ తాను తిరిగే దవాఖానలల్ల గూడ ఈ సంగతి చెప్పిండు. కోరుట్లల ఒక దవాఖానోళ్ళు పిలిచిన్రు. నవత ఇప్పుడు సెలవు దినం పూట అక్కడికి పోతున్నది, ఇంటికి దగ్గరనే. రజని అనే కొత్త నర్సుకు నేర్పుతున్నది. ఆ దవాఖానోళ్ళకు అర్ర లేదు, వరండాల ఒక మూలకు పరదా కట్టిచ్చిన్రు. మొదటి పొద్దు ఒక ముసలామె వచ్చి నిలబడ్డది. రజని వంగి నవత చెవుల మెల్లగ అడిగింది.

"అక్కా, ముందుగాల ఏం అడగాలె?"

"ఇంకా ఏం అడగకు. ఆమెను కూసోవెట్టు, నువ్వు గూడ ఎదురుంగ కూసో. నిలబడి అడిగితే ఎవ్వరు సంగతి చెప్పరు."

రజని పోయి ఇంకో కుర్చీ తెచ్చుకున్నది.